కాటన్‌పేటలో ఉత్తుత్తి చావు

బెంగళూరు పోయి వచ్చినవాళ్లు లాల్‌బాగ్ పూల గురించి చెబుతారు, విధానసౌధ ముందు దిగిన ఫొటో చూపిస్తారు. నేను ఆ రెండూ చూడలేదు. నేను చూసింది కాటన్‌పేటలో ఒక చావు. పోయినావిడ ఆ సాయంత్రమే నాకు రాగిముద్ద వడ్డించింది. కంగారుపడకండి, వరసగా చెబుతాను.

మా నాయన ప్రొద్దుటూరు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. తీరిక దొరికినప్పుడు కథలు రాసేవాడు. వాటిలో ఒక్కటి తప్ప మిగతావన్నీ పాత వారపత్రికలతోపాటు చెదలపాలయ్యాయి. ఆ మిగిలిన ఒక్కటి మాత్రం మొండిది. దయ్యాల కథల సంకలనం ఏది వచ్చినా అందులో ఉంటుంది. ఆయన పేరు మాత్రం ఒక్కోసారి ఉండదు. రేడియోలో నాటకంగా కూడా వచ్చింది.

కథ ఇంతే. ఒక ఇంట్లో చావు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ల మధ్య ఒక కొత్త మనిషి కూర్చుని ఉంటుంది. పుట్టింటివాళ్లు ఆమెను అత్తింటి చుట్టం అనుకుంటారు, అత్తింటివాళ్లు పుట్టింటి చుట్టం అనుకుంటారు. మంచినీళ్లు కూడా ముట్టదు. చివరికి లేచి, గడప దగ్గర వెనక్కి తిరిగి, "వస్తానమ్మా" అంటుంది. అక్కడితో కథ అయిపోతుంది.

మనకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో ఎవరింటి నుంచి లేచినా "పోతాను" అనం, "వస్తాను" అంటాం. చావింట్లో మాత్రం ఏమీ అనకుండా చెప్పులేసుకుని దిగిపోతాం. మళ్లీ అలాంటి పనిమీద ఆ గడపకు రావాలని ఎవరు కోరుకుంటారు? ఆ ఒక్క మాట పట్టుకుని మా నాయన రాయలసీమలో ఎంతమంది పిల్లల చేత పక్కలు తడిపించాడో లెక్కలేదు. ఆయన పోయినప్పుడు మా ఇల్లంతా జనం. నేను ఏడుస్తూనే వచ్చిపోయే ప్రతి మనిషి నోటివైపు చూస్తూ కూర్చున్నాను. రచయిత ఇంట్లో పుట్టినందుకు ఇదీ ఫలితం.

రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్లలో ఒకరోజు ఇంటి ఫోను మోగింది. అవతల శ్రీకర్ అనే కుర్రవాడు. సొంతూరు నల్లగొండ, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్. "మేడం, మీ నాన్నగారి కథ షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. బడ్జెట్ అయితే లేదు, కెమెరా ఉంది" అన్నాడు. నేను ఒకటే షరతు పెట్టాను. చివరి మాట చివరి మాటగానే ఉండాలి, దయ్యానికి కోరలు పెట్టకూడదు. అన్నిటికీ "ష్యూర్ మేడం" అన్నాడు. నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. అడిగినవాటన్నిటికీ సరేనని తలూపే పిల్లలు పరీక్షలో ఏం రాస్తారో నాకు బాగా తెలుసు. దసరా సెలవులు రాగానే, మాటకు కాపలాగా బస్సెక్కాను.

మెజెస్టిక్

తెల్లవారేసరికి మెజెస్టిక్‌లో దిగాను. దారిపొడవునా నాలుగు కన్నడం మాటలు వల్లె వేసుకున్నాను గానీ, వాటిని వాడే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. సంచి పట్టుకుంటానన్న కూలీ తెలుగులోనే అడిగాడు, ఆటోవాళ్లు తెలుగులోనే బేరం మొదలుపెట్టారు. నా అవస్థ చూసి నవ్వినావిడ కూడా తెలుగావిడే.

శ్రీకర్ వచ్చి హోటలుకు తీసుకెళ్లాడు. సన్నగా, పొడుగ్గా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. సగం జనం నిలబడే తింటున్నారు. మా ఊళ్లో నిలబడి తినమంటే అలిగి వెళ్లిపోతారు. అక్కడి తట్టె ఇడ్లీ మా ఇంటి కంచంలో సగం ఉంది. సాంబారు బకెట్టుతో వచ్చినతను ఒక గరిటె పోసి, నా మొహంలోకి చూసి "సాకా?" అన్నాడు. నాకు తెలిసిన సాకు ఒకటే, పని తప్పించుకోవడానికి పిల్లలు చెప్పేది. "ఏం సాకు? నేనెందుకు చెబుతాను?" అన్నాను. అతను ఇంకో గరిటె పోశాడు. ఇడ్లీ మునిగిపోయాక శ్రీకర్ నవ్వు ఆపుకుని, "సాకు అంటే చాలు అని, మేడం" అన్నాడు.

తర్వాత "బైటూ కాఫీ" అన్నాడు. ఒక కాఫీని రెండు లోటాల్లో సగం సగం పోసి ఇచ్చారు. ఆరు రూపాయలకు ఇద్దరి ముచ్చటా తీరింది. మా వైపు ఒక కాఫీ ఇద్దరికి పంచితే మర్యాద పోయిందంటారు. ఇక్కడ మంచి ప్యాంటూ చొక్కా వేసుకున్నవాళ్లు కూడా దర్జాగా బైటూ అని కేకేస్తున్నారు. ఊరికి తిరిగి వచ్చాక నేనూ ఒకసారి ప్రయత్నించాను. హోటలాయన నా ఆరోగ్యం అడిగాడు.

వైట్‌ఫీల్డ్

వైట్‌ఫీల్డ్ చేరేటప్పటికి నడుము పట్టేసింది. దిగి తలెత్తితే నొప్పి మరిచిపోయాను. ఇటుక అనేదే కనపడకుండా, నిలువునా అద్దాలతో కట్టిన మేడలు. ఆకాశం, మబ్బులు, ఎగిరే గద్ద అన్నీ ఆ అద్దాల్లోనే ఉన్నాయి. నోరు తెరుచుకుని నిలబడ్డాను. సిగ్గెందుకు, నిజంగానే తెరుచుకున్నాను.

ఆ మేడల పక్కనే ఇంకో మేడ లేస్తోంది. ఇసుక తట్ట దించిన ఒక ఆవిడ నన్ను చూసి పలకరించింది.

"ఏ ఊరక్కా మీది?"

"ప్రొద్దుటూరు. మీది?"

"అచ్చంపేట దిక్కు. ఇగో, గా అద్దాల బంగ్ల గూడ మేమే కట్టినం. ఇప్పుడు లోపలికి పోతమంటే గేటుకాడి పిలగాడు కార్డు సూపమంటడు."

ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. కాసేపు మాట్లాడాక, "వస్తాను" అన్నాను. "మంచిదక్కా, పోయిరా" అంది. ఎక్కడి అచ్చంపేట, ఎక్కడి ప్రొద్దుటూరు. ఆ మాటకు ఈ జవాబు మాత్రం ఊరేదైనా సిద్ధంగా ఉంటుంది.

శ్రీకర్ వాళ్ల ఫ్లాట్‌లో మంచాలు లేవు, కంప్యూటర్లు ఉన్నాయి. అక్కడ నాకు ఇద్దరిని పరిచయం చేశాడు. కెమెరా పట్టే ఇమ్రాన్‌ది కర్నూలు. గడపలో మాట అనే కొత్త మనిషి వేషం మెర్సీది. ఆ పిల్లది తెనాలి, శ్రీకర్ ఆఫీసులోనే ఉద్యోగం. మంగళవారం నుంచి పుణెకు బదిలీ. కెమెరా కూడా ఎవరో మిత్రుడిది, సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి. అంటే వాళ్లకున్నది శని ఆదివారాలే.

నా ముందు రిహార్సల్ వేశారు. మెర్సీ చాలా బాగా లేచింది, చాలా బాగా నడిచింది, తలుపు దగ్గర తిరిగి, అలవాటుగా "బై ఆంటీ" అంది. ఇమ్రాన్ నేలమీద పడి దొర్లాడు. రెండోసారి సినిమా దయ్యంలా గొంతు సాగదీసి "వస్స్‌తానమ్మా" అంది. ఈసారి దొర్లడం నా వంతయింది.

"మేడం, నిజంగా చెప్తున్నా, నేను రోజంతా ఆఫీసులో బై అనే అంటాను. ఇంట్లో అయితే మా అమ్మ ఊరుకోదు. చావింట్లో ప్రేయర్ అయ్యాక ఆమె కూడా ఏమీ అనకుండానే వచ్చేస్తుంది" అంది మెర్సీ.

"మరి మీ అమ్మ సంతకు పోయేటప్పుడు ఎలా అంటుందో అలా అను" అన్నాను. ప్రయత్నించింది. వచ్చీ రానట్టుగా వచ్చింది. రేపటికి చూద్దాంలే అనుకున్నాం.

కాటన్‌పేట

శనివారం పొద్దున్నే కాటన్‌పేట. నిన్నటి అద్దాల మేడలూ ఇదీ ఒకే ఊరంటే నమ్మబుద్ధి కాలేదు. తోపుడుబండ్లు, గుడ్డ బేళ్లు, లారీలో సరుకు నిండుతుంటే దాని కిందే కూర్చుని బీడీ కాల్చేవాళ్లు. ఆ గొడవలోనే ఒక అంగడి. అందులో అమ్మేది గొడుగులకు కుట్టే నల్లగుడ్డ, అదొక్కటే. తాను మీద తాను, పైకప్పు దాకా నలుపు. అంగడి వెనకే ఇల్లు. నునుపైన ఎర్రగచ్చు నేల, ఎత్తైన గడప. షూటింగు కోసం చీకటికి నల్లగుడ్డ కొందామని వచ్చిన శ్రీకర్ ఆ గడపను చూసి, ఇల్లే అడిగేశాడట.

అంగడి గోవిందప్పది. ఇల్లు ఆయన తల్లిది. ఆమెను ఆ వీధంతా అవ్వ అంటుంది. హిందూపురం వైపు నుంచి వచ్చి నాలుగు తరాలైన కుటుంబం.

"రండమ్మా, కూసోండి. ప్రొద్దుటూరంటిరే! మా చిన్నాన్న కూతుర్ని ఆడికే ఇచ్చినాము. ఎండలు అట్లే ఉండాయా?" అంది అవ్వ.

మా జేజి, అదే మా నాయనమ్మ, పోయాక నేను వినని తెలుగు అది. మధ్యమధ్య కన్నడం, దాన్ని కూడా తెలుగు చేసుకుని వాడేస్తుంది. తెలుగు టీచరును, ఎన్నో నోళ్లు సరిదిద్దినదాన్ని, ఆ నోటి ముందు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను.

శ్రీకర్ ఆ ఇంటివాళ్లకు ఫ్యామిలీ స్టోరీ అని మాత్రమే చెప్పాడట. ఇప్పుడు మెల్లగా, "అవ్వా, ఇందులో ఒక డెత్ సీన్ ఉంటుంది" అన్నాడు.

గోవిందప్ప అంగడిలోంచి ఎగిరి వచ్చాడు. "డెత్ అంటే? చావా? మా ఇంట్లోనా? ఆగల్లప్పా, ఆగనే ఆగల్ల, కుదరదు!"

"సుమ్నె ఉండురా గోవిందూ" అని అవ్వ కొడుకు నోరు మూయించింది. "ఉత్తుత్తి చావైతే ఆయుస్సు పెరుగుతాదంటారు. మన కుంటె వెంకటప్ప పోయినాడని ఊరంతా పుకారు లేస్తే, ఆ మనిషి ఇంకా ఇరవై ఏండ్లు బతకలా? శవం ఎవురప్పా?"

శ్రీకర్ తల గోక్కున్నాడు. శవం వేషం అతని రూమ్మేటుది. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్ వస్తే పరుగెత్తాడు.

"చావడానిగ్గూడా రజా ఇయ్యరా మీ ఆఫీసుల్లో?" అంది అవ్వ. "నేనే పండుకుంటా. ఆ ఆయుస్సు ఆ పిల్లోడికెందుకు, వాడికి శానా ఉండాది. నాకు రానీ."

గోవిందప్ప నా వైపు చూశాడు, చదువుకున్నదానివి నువ్వయినా చెప్పమ్మా అన్నట్టు. నేను అప్పటికే అవ్వ పక్షం చేరిపోయాను.

పగలు చేసిన రాత్రి

ఇప్పుడు చెప్పబోయేది నేను కళ్లారా చూసింది. గొడుగుగుడ్డ తాన్లు విప్పి కిటికీలకు కట్టారు, వెంటిలేటర్లకు కట్టారు, పెరటి తలుపుకు రెండు వరసలు వేలాడదీశారు. బయట పట్టపగలు, లారీల హారన్లు, ఎండ. లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఇమ్రాన్ ఒక్క బల్బు వెలిగించి, దాని ఎదురుగా థర్మాకోల్ అట్ట పట్టాడు. ఆ వెలుగు గోడమీద పడి మెత్తగా తిరిగి వచ్చి అవ్వ చెంపమీద వాలింది. మెర్సీ సాంబ్రాణి వేసింది. అంతే, ఇల్లు అర్ధరాత్రి అయిపోయింది. నా చేతులమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

కెమెరా కదలాలంటే పట్టాలు వేస్తారట, వాటికి అద్దె కట్టాలట. ఇమ్రాన్ దుప్పటి పరిచి దానిమీద కెమెరాతో కూర్చున్నాడు. శ్రీకర్ ఆ దుప్పటి కొసలు పట్టుకుని ఎర్రగచ్చు మీద లాక్కుపోయాడు. ఎన్ని తరాల ఆడవాళ్లు తుడిచి తుడిచి నునుపు చేసిన నేలో, ఒక్క కుదుపు లేకుండా జారింది. చిన్నప్పుడు మా అన్న నన్ను గోనెపట్టా మీద అలాగే లాగేవాడు. ఆ ఆటతో సినిమా తీయవచ్చని మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

మధ్యలో గోవిందప్ప ఏదో అరవడానికి లోపలికి వచ్చాడు. చీకట్లో అడుగుపెట్టగానే ఆయన గొంతు తనంతట తానే తగ్గిపోయింది. తల్లి నేలమీద, తలాపున దీపం, కళ్లు మూసి ఉన్నాయి. ఆయన అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి చిన్నపిల్లవాడిలా, "అమ్మా, లెయ్" అన్నాడు.

అవ్వ ఒక కన్ను తెరిచింది. "కెమెరా తిరుగుతా ఉండాది. పోరా" అంది.

మేమంతా నవ్వాం. గోవిందప్ప నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకుని అంగడిలోకి పోయాడు. ఉత్తుత్తిదని తెలిసిన కొడుక్కే కాళ్లాడలేదంటే, ఒక బల్బూ నాలుగు తాన్ల గుడ్డా ఎంత పని చేయగలవో అప్పుడు అర్థమైంది. ఆ కుర్రవాళ్లమీద నాకు పట్టలేనంత గౌరవం పుట్టింది.

గడపలో ఆగిన మాట

సాయంత్రానికి చివరి షాట్ మిగిలింది. మెర్సీ గడప దగ్గరికి పోయి వెనక్కి తిరగాలి. అవ్వ పడుకున్నచోటి నుంచే అడిగింది, "ఆ పాప ఏమంటాది?"

శ్రీకర్ చెప్పాడు. అవ్వ లేచి కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె మొహంలో ఉన్న సరదా ఎటు పోయిందో పోయింది.

"ఆ మాట ఈ గడపలో వద్దు."

"అవ్వా, చావే ఉత్తుత్తిది కదా" అన్నాడు శ్రీకర్.

"చావు ఉత్తుత్తిదప్పా. మాట ఉత్తుత్తిది యాడుంటాది? నోట్లోంచి వస్తే అది మాటే."

గొంతు తర్వాత వేరేచోట కలుపుతాం, ఇక్కడ మెర్సీ పెదాలు మాత్రం ఆడిస్తుందన్నాడు శ్రీకర్. పెదాలాడినా మాటేనంది అవ్వ. ఇమ్రాన్ వీధిలో నిలబడి అనిపిస్తామన్నాడు. ఏ గడపవైపు తిరిగి అంటుందో చెప్పమంది. వేరే ఇంట్లో తీద్దామంటే ఆ గడప, ఆ ఎర్రనేల ఎక్కడ దొరుకుతాయి?

శ్రీకర్ నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మాట లేకుండా ట్రై చేద్దామా? మెర్సీ జస్ట్ చూస్తుంది. మ్యూజిక్‌తో కవర్ చేస్తాం."

"ఆ మాట లేకపోతే అది మా నాయన కథ కాదు. పలకరించి వెళ్లిపోయిన ఆవిడ కథ. అలాంటివాళ్లు ఊరినిండా ఉన్నారు" అన్నాను. గట్టిగానే అన్నాను. అతను దిగులుగా గచ్చుమీద కూర్చుండిపోయాడు. ఎన్నో నెలల జీతంలోంచి మిగిల్చుకున్నదంతా పెట్టి, ఎన్నో శనివారాలు ఆఫీసుకు అబద్ధాలు చెప్పి ఇంతదాకా తెచ్చుకున్నాడు. నాకు అవ్వమీద కోపం వచ్చింది. కోపం నిలవలేదు. లోకంలో మా నాయన కథను అందరికన్నా ఎక్కువ నమ్మిన మనిషి ఆమే. ఆ ఒక్క మాటకు ఇంత బలం ఉందని రాసిన ఆయనకు కూడా తెలిసి ఉండదు.

ముద్దా బస్సారూ

పిల్లలు ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని వైట్‌ఫీల్డ్ పోయారు. అవ్వ నన్ను పోనివ్వలేదు. స్నానం చేసి, నా చేత స్నానం చేయించి, నాకు రాగిముద్ద పెట్టింది. ఆకుకూరా పప్పూ ఉడికించిన నీళ్లతో చేసిన బస్సారు దానిమీద పోసింది. మా వైపు సంగటిలో కాస్త బియ్యం కలుపుతాం. ఇది ఒట్టి రాగి. నేను నములుతుంటే అవ్వ నవ్వింది.

"నమలకూడదమ్మయ్యా. ముంచు, మింగు. పల్లకు పనిచెప్తే ముద్దకు కోపమొస్తాది."

నా మీద ఆమెకు అలక లేదు. మాటల్లో మాటగా, మీ నాయన ఎట్ల పోయె అని అడిగింది. చెప్పాను. పక్షవాతం వచ్చింది. ముందు మాట పడిపోయింది. కొన్నాళ్లు కళ్లతోనే అన్నీ అడిగాడు. తర్వాత పోయాడు.

అవ్వ ముద్ద చేస్తున్న చెయ్యి ఆపింది. "మాటతో పేరు తెచ్చుకున్నాయనకు మాటే పోయెనా! పోయేటప్పుడు నీకేమీ చెప్పలేదా?"

"ఏం చెబుతాడవ్వా? నా వైపు చూశాడు, అంతే."

అవ్వ నా కంచంలో ఇంకో సగం ముద్ద పెట్టింది. వద్దంటే విన్లేదు. "సాకు" అని నాకు తెలిసిన కన్నడం కూడా వాడి చూశాను, అదీ పనిచేయలేదు.

ఆదివారం

పొద్దున్నే పిల్లలు సామాను సర్దుకుపోదామని వచ్చారు. అవ్వ పూజ ముగించి, పసుపు రాసుకున్న మొహంతో బయటికి వచ్చింది.

"ఆ మాట నేనంటా" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"పరాయి మనిషి నా గడపలో నిలబడి వస్తానంటే ఏం మోసుకొస్తాదో అని భయము. నేనైతే ఈ ఇంటి మనిషిని. నా ఇంటికి నేను వస్తాననే దాంట్లో తప్పేముండాది? అంగడికి పోయినా, గుడికి పోయినా, రోజూ ఆ గడపలో అనే మాటే."

శ్రీకర్ మెల్లగా అన్నాడు, "కానీ అవ్వా, కథలో మీరు... చనిపోయినావిడ."

"కాదన్నానా?"

మెర్సీ నా చెయ్యి పట్టుకుంది, ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది. పలకరించడానికి వచ్చిన కొత్త మనిషి కాదు, పోయిన మనిషే లేచి, తన గడపలో తను నిలబడి, వస్తానని చెప్పి వెళ్తుంది. అందరూ నా వైపు చూశారు. ఇది మా నాయన రాసింది కాదు. ఆయన ఊహించి తెచ్చిన ఆ కొత్త మనిషి, నీళ్లు ముట్టని మనిషి, ఈ సినిమాలో ఇక ఉండదు. మాట మారకుండా చూడ్డానికి వచ్చాను. మాట మారడం లేదు, మనిషి మారుతోంది. రచయిత కూతురిగా వద్దనాలి. కానీ నిజం చెప్పొద్దూ, అది మా నాయన కథకన్నా గొప్పగా ఉంది.

"కానివ్వండి" అన్నాను.

మళ్లీ గొడుగుగుడ్డ రాత్రి వచ్చింది. మెర్సీ ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకతె. అంగడిలో పనిచేసే ఆడవాళ్లు ఇంకొందరు చుట్టూ కూర్చున్నారు. నేను కెమెరా వెనక, గోడవారగా నిలబడ్డాను. శ్రీకర్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేత్తో సైగ చేశాడు.

అవ్వ లేచింది. దయ్యంలా లేవలేదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచినట్టు, నేలమీద చెయ్యి ఆనించి, మోకాలు పట్టుకుని లేచింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. తనకోసం ఏడుస్తున్నవాళ్ల మధ్య నుంచి, ఎవరి కాలూ తొక్కకుండా జాగ్రత్తగా నడిచింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. కెమెరాలోకి చూడాలని చెప్పారు. ఆమె కెమెరాను దాటి నన్ను చూసింది.

"వస్తానమ్మా" అంది.

అంత మామూలుగా. అంత ప్రేమగా. మా నాయన ఆఫీసుకు పోతూ, సైకిలు మీద చెయ్యి వేసి, గుమ్మంలో నా వైపు తిరిగి రోజూ అన్నట్టే.

నేను ఏమీ అనుకోలేదు. నోరు దానంతట అది పలికింది.

"మంచిది నాయనా, రా."

నా గొంతు ఆ చీకట్లో పెద్దగా వినపడింది. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. కెమెరా తిరుగుతూనే ఉంది. మెర్సీ తలదించుకుని నిజంగా ఏడుస్తోంది. అవ్వ మాత్రం చెదరలేదు. ఆ జవాబు కోసమే ఆగినట్టు తల ఊపి, నల్లగుడ్డ పక్కకు తోసి, గడప దాటి ఎండలోకి పోయింది.

శ్రీకర్ హెడ్‌ఫోన్ తీశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. షాట్ పాడుచేశానని, ఇంకోసారి తియ్యమని బతిమాలాను. అతను బయటికి పోయి అవ్వను అడిగాడు.

"ఒగ మాట రెండుసార్లు అనేది లేదప్పా" అంది అవ్వ అంగడిలోంచి.

అవ్వ మళ్లీ స్నానం చేసింది. మా అందరి మీదా నీళ్లు చల్లి, ఇంట్లో దీపం పెట్టింది. గుడ్డలన్నీ విప్పారు, ఇల్లు మళ్లీ పగలైంది. శ్రీకర్ టేపు వెనక్కి తిప్పి కెమెరాకున్న చిన్న తెరమీద చూపించాడు. అందరం తలలు దగ్గరపెట్టి చూశాం. గోవిందప్ప కూడా వచ్చి నిలబడ్డాడు. ఆ షాట్ అప్పుడు ఆయన లోపల లేడు. తల్లి గడపలో తిరగడం చూశాడు, ఆ మాట విన్నాడు, దాని వెనకే వచ్చిన గొంతూ విన్నాడు. వంగి తెరను ఇంకా దగ్గరగా చూశాడు.

"తెరలో అందరూ నోరు మూసుకొనే ఉండారే" అన్నాడు. "మరి పలికిందెవురప్పా? ఇంగో దయ్యమా?"

తడిజుట్టు ఆరబెట్టుకుంటున్న అవ్వే అంది.

"దయ్యము కాదురా. కూతురు."